మసి అంటిన మొఖం గాథ: లొల్లి లేని కాపురం మీద నాలుగు పేజీలు ఎట్ల రాయాలె?

మిర్చిబజార్_వదిన (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

అందరికి నమస్తే. మాది ధర్మాబాద్. మహారాష్ట్రల ఉన్నం గని రైలెక్కితే మాకు బాసరే దగ్గర. నేను చదివింది మరాఠీ మీడియం. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది. పిల్లలు బడికి పోవుడు మొదలైనంక పట్టుబట్టి దూరవిద్యల ఎం.ఏ. తెలుగు కట్టిన. పగలంత మా ఆయన, నేను జిరాక్సు దుకాణం చూసుకుంటం. పుస్తకం పట్టేది రాత్రే.

ఇప్పుడొక అసైన్‌మెంటు వచ్చింది. ప్రాచీన కవిత్వంల నుంచి ఒక్క పద్యం తీసుకొని, అండ్ల దాంపత్య ప్రేమ ఎట్ల కనబడుతున్నదో నాలుగు పేజీలు రాయాలె. నా తోటోళ్ళు నలదమయంతులను తీసుకున్నరు, సత్యభామ అలక తీసుకున్నరు. నేను గాథాసప్తశతి పట్టుకున్న, ఏడువందల ప్రాకృత గాథల (చిన్న పద్యాల) పాత పుస్తకం. ప్రాకృతం నాకు రాదు. పక్కింటి మరాఠీ టీచరమ్మ కాడ పుస్తకం ఉంటే ఆమెతోని కూసొని ఒక్కొక్క మాట అడిగి రాసుకున్న. (ఆమె "ఇది మా మహారాష్ట్రి ప్రాకృతం" అంటది, నేను "శాతవాహనులు మావోళ్ళు" అంట. చాయ్ అయిపోయేదాక అదే పంచాయితి.) గాథ ఇది:

ఘరిణీఏ మహాణసకమ్మలగ్గమసిమలిఇఏణ హత్థేణ
ఛిత్తం ముహం హసిజ్జఇ చన్దావత్థం గఅం పఇణా

నా తెలుగుల: వంటపనిల మసి అంటిన చేత్తోని ఇల్లాలు మొఖం తాకింది. చందమామ తీరుగ అయిన ఆ మొఖం చూసి మొగడు నవ్వుతున్నడు.

అంతే, ఇంకేం లేదు. మా కౌన్సెలర్ సారుకు ఫోన్ చేసి చెప్తే "ఇందులో సంఘర్షణ ఏదమ్మా? విరహం లేదు, అలక లేదు. ఇదొక చిన్న జోకు. నాలుగు పేజీలు ఎట్ల నింపుతవ్? వేరేది చూసుకో" అన్నడు. నాకు మార్చబుద్ధి అయితలేదు. ఈ ఇద్దరూ సుఖంగ ఉన్నరని చదవంగనే తెలుస్తున్నది. గని సుఖం అన్న మాట కవి యాడ రాయలే, ప్రేమ అన్న మాట కూడ లేదు. మరి మనకెట్ల తెలిసింది? అదే రాయాలని ఉన్నది, ఎట్ల మొదలుపెట్టాల్నో సమజైతలేదు. ఇంకొకటి, ఇది శృంగారం కిందికి వస్తదా, హాస్యం కిందికి వస్తదా?

ప్రాణహిత_పంతులు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

చెల్లెమ్మా, పద్యం మార్చకు. రిటైరయ్యాక నాకూ ఇదే పని, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

సంఘర్షణ నాటకానికి కావాలి. గాథకున్న చోటే ఎంత? మొదటి సగం 30 మాత్రలు, రెండో సగం 27. అందులో కథ నడపలేం. ఒక్క క్షణాన్ని నిలబెట్టగలం, అంతే. కాబట్టి ఏం జరిగింది అని వెతకడం మాని, ఎట్లా నిలబెట్టాడు అని చూడు.

ముందు మాటల వరస. మొదటి మాట ఇల్లాలు, ఆఖరి మాట మొగుడు. ఆ ఇద్దరి నడుమ వంటిల్లు, మసి, చెయ్యి, మొఖం, నవ్వు, చందమామ వరుసగా వస్తాయి. మొగుణ్ణి కవి చిట్టచివరిదాకా దాచాడు. నవ్వు ముందే వినబడుతుంది, నవ్వింది ఎవరో ఆఖరి మాట దాకా తెలియదు. అదే నవ్వు అత్తదైతే ఎత్తిపొడుపు, ఆడబిడ్డదైతే వెక్కిరింత, పొరుగామెదైతే చాడీకి మొదలు. 'పఇణా' అని మొగుణ్ణి తెచ్చి పెట్టేసరికి అప్పటిదాకా విన్న నవ్వు రంగు మారింది. నువ్వు 'సుఖం' అంటున్నావే, అది పుట్టింది అక్కడే.

తరవాత, సగానికి సగం తేడా. మొదటి సగమంతా పని. వంటిల్లు, పని, అంటిన మసి, అన్నీ కలిపి ఒకే పొడుగాటి సమాసంగా పేర్చి చేతి దాకా లాక్కొచ్చాడు. చదివేవాడికి కూడా ఊపిరాడదు. రెండో సగంలో మాటలు చిన్నవైపోతాయి: ముట్టింది, మొఖం, నవ్వు. పని బరువు అక్కడ దిగింది.

ఇంకొకటి మీ టీచరమ్మను అడిగి చూడు. ముట్టుకోవడం అయిపోయిన పని. చంద్రుడి దశకు చేరడం కూడా అయిపోయినదే. నవ్వు ఒక్కటే వర్తమానంలో ఉంది. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఇక చందమామ. మచ్చ పడ్డాక ఆ మొఖం చంద్రుడి దశకు వచ్చింది అంటే, ఇంతసేపూ మచ్చే లేదని కదా. చంద్రుడి కంటే ఒక మెట్టు పైన ఉన్న మొఖం ఇప్పుడు కిందికి దిగి చంద్రుడితో సమానమయింది. ఆటపట్టించడంలోనే మెప్పు దాగి ఉంది. దాన్ని ఆ మొగుడు నోటితో అనలేదు చూడు. పద్యం మొత్తంలో అతను ఒక్క ముక్క మాట్లాడడు. పొగడటానికి మాటలు వెతుక్కునే మొగుడు కొత్తవాడో, తప్పు చేసినవాడో అయి ఉంటాడు.

ఈ పుస్తకంలో ఇలాంటి గాథ పక్కన ఎలాంటివి ఉన్నాయో కూడా ఒక పేరా రాయి. దూరదేశం పోయిన మొగుడి కోసం రోజులు లెక్కపెట్టే ఆడవాళ్ళు, గోదావరి గట్టు పొదల్లో దొంగచాటు కలయికలు, బొంకులు. "ధార్మికుడా, నిశ్చింతగా తిరుగు, ఆ కుక్కను గోదావరి పొదల్లో ఉండే సింహం చంపేసింది" అనే గాథను ఆలంకారికుడు ఆనందవర్ధనుడు, మాటల వెనక దాగిన అర్థం గురించి రాసిన ధ్వన్యాలోకంలో ఉదాహరణగా తీసుకున్నాడు. పైకి తిరగమనడం, లోపలి అర్థం ఆ పొదల వైపు రావద్దని. మీకు గోదావరి అంటే బాబ్లీ గేట్లు ఎప్పుడు ఎత్తుతారు, నీళ్ళు ఎటు పోతాయి అన్న గొడవ. ఆ కవులకు అది చాటుమాటు వ్యవహారాల చోటు. అలాంటి గాథల్లో ఎవరో ఎవరినో ఏమారుస్తుంటే, ఇందులో ఏమార్చేవాడు లేడు. దాచిన అర్థం కోసం తవ్వే అలవాటున్న పాఠకుడు ఇక్కడికొచ్చి ఖాళీ చేతులతో నిలబడతాడు. మీ సార్‌కు జరిగింది అదే అనుకుంటా.

రసం మాట: సంభోగ శృంగారం (కలిసి ఉన్న జంట ప్రేమ) అని రాయి, హాస్యం దానికి తోడు. "శృంగారాద్ధి భవేద్ధాస్యః", శృంగారం నుంచే హాస్యం పుడుతుందని నాట్యశాస్త్రంలో భరతుడే అన్నాడు. రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సిన పని లేదు.

బల్లార్షా_పిల్ల (చంద్రపూర్ జిల్లా)

పంతులు గారూ, బాగా చెప్పారు గానీ నాకు ఒకటి మింగుడు పడటం లేదు. నవ్వేవాడికి అంతా బాగానే ఉంటుంది. పొగ పీల్చింది ఎవరు? మీరే అన్నారు, మొదటి సగమంతా పని అని. ఆ పని ఆమెది, రెండో సగంలో నవ్వు ఆయనది. ఆమె కూడా నవ్విందని ఎక్కడుంది? ఆమె చిరాకు పడి ఉండొచ్చు, "నిలబడి నవ్వకపోతే ఆ కట్టెలు అందించొచ్చు కదా" అని ఉండొచ్చు. కవి ఆమెను మొదటి మాటలో పెట్టి, తరవాత చెయ్యి, మొఖం మాత్రమే మిగిల్చాడు.

దీని పక్కనే ఉన్న గాథ కూడా చూడండి. "వంటలో నేర్పరీ, విసుక్కోకు. ఎర్ర పాదిరిపూల వాసన వేసే నీ నోటిగాలి తాగాలని నిప్పు మండకుండా పొగలు కక్కుతోంది" అని. అక్కడ ఆమె విసుక్కుంటోందని కవే ఒప్పుకున్నాడు. దాన్ని కూడా తియ్యటి మాట చేసి అమ్మేశాడు. పొగను పొగడ్త చేయడం మగకవులకు చాలా తేలిక.

అక్కా, నువ్వు 'సంతృప్త దాంపత్యం' అని రాస్తే మార్కులు పడతాయేమో. కానీ సంతృప్తి ఎవరిది అని ఒక్క వాక్యమైనా అడుగు.

మిర్చిబజార్_వదిన

చెల్లె, నువ్వన్నది కరెక్టే, అది రాస్త. పంతులు సారూ, మాటల వరస సంగతి టీచరమ్మకు చదివి వినిపించిన, ఆమె పుస్తకం తీసి మళ్ళ చూసింది.

మీ ఇద్దరి మాటలు చదివినంక నాకు చెయ్యి కాడ ఒకటి తట్టింది. మసి ఊరికె అంటదు. మా అత్తమ్మ జొన్నరొట్టె ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదనే చేస్తది, గ్యాసు మీద రొట్టె పొంగదని ఆమె పట్టు. గంజు పొయ్యి ఎక్కించేముందు దాని అడుగుకు మట్టి, బూడిద కలిపి పూస్తది, తోమేటప్పుడు మసి తొందరగ వదలాలని. మసిగుడ్డ ఎప్పటికీ భుజం మీదనే. అయినా దించేటప్పుడు యాడనో ఒకకాడ వేలికి నల్లగ అంటుకుంటది. అట్ల అంటినప్పుడు ఆమె మొఖం ఎట్ల తుడుసుకుంటదో నేను ఇన్నేండ్ల నుంచి చూస్తున్న. చెమట వస్తే మోచేతి మడతతోని, కండ్లకు పొగ వస్తే భుజం పైకి లేపి చీరకు. వెంట్రుకలు మొఖం మీద పడితే మణికట్టు వెనక దిక్కుతోని పక్కకు నూకుతది. వేళ్ళు మాత్రం మొఖం దగ్గరికి రానియ్యదు. పొయ్యి కాడ పెరిగిన ఏ ఆడమనిషికైనా ఇది చెప్పే పనే లేదు, చెయ్యికే తెలుసు.

మరి గాథల ఉన్న ఇల్లాలు వంట రానిది కాదు గదా. ఆమె వేళ్ళు మొఖానికి పోయినయంటే చెయ్యి సంగతి మరిచిపోయింది. ఎందుకు మరిచిపోయింది? అతను వచ్చి తలుపు కాడ నిలబడ్డడా, గబుక్కున వెంట్రుకలు సరిచేసుకున్నదా? కవి చెప్పలే. నేను చెప్తే అది నా కవిత్వం అయితది. గని ఆ మరుపు పద్యంల ఉన్నది, ఇది నేను గట్టిగ చెప్త.

చెల్లె, ఇంకోమాట. మా దిక్కు మా మామల కాలంల మొగోడు వంటింటి గడప లోపలికి వచ్చుడే తక్కువ. పీట మీద కూసున్నంక ఇంత పెడితే తిని లేచిపోవుడు. వేలెడంత మసి మరక కనబడాలంటే ఎంత దగ్గర ఉండాలె? ఈయన అంత దగ్గర ఉన్నడు, చూసిండు, నవ్వే తీరిక కూడ ఉన్నది. పని చేస్తలేడు, అది నువ్వన్నట్టు నిజమే. అయితే ఇంట్ల ఉండి కూడ భార్య మొఖం చూడనోళ్ళ కంటె వేరే మనిషి.

మా ఆయనకు జిరాక్సు తీసుకుంట తీసుకుంట గాథ చదివి చెప్పిన. మిషన్ల కాయితం ఇరుక్కుంటే తీస్తున్నడు. తల ఎత్తకుండనే "నవ్వుడెందుకు, మరక అయింది తుడుసుకో అని చెప్పొచ్చు గదా" అన్నడు.

మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా)

మీ ఆయన మాట విని ఇక్కడ మా ఇంట్లో కూడా నవ్వేరండి. మాది అటు చివరి సరిహద్దు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన ఊరు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసిన రోజుల్లో ఆయన రాజమండ్రి వెళ్ళిపోయేరు. మేం ఉండిపోయేం, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా.

గిడుగు వారితో విజయనగరంలో కలిసి చదువుకున్న గురజాడ అప్పారావుగారి 'కాసులు' మీ గాథ పక్కన పెట్టి చూడండి. అందులో మొగుడు పెళ్ళాంతో అంటాడు:

మరులు ప్రేమని మది దలంచకు
మరులు మరలును వయసుతోడనె
మాయ మర్మములేని నేస్తము
మగువలకు మగవారి కొక్కటె
బ్రతుకు సుకముకు రాజమార్గము

మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మూడు, నాలుగు. నడకే మాట్లాడినట్టుంటుంది. "మగడు వేల్పన పాత మాటది" అని కూడా అక్కడే అంటాడు. మొగుడు దేవుడు కాడు, నేస్తం అని మొగుడి నోటే పలికించడం ఆ రోజుల్లో చిన్న సంగతేం కాదండి. బల్లార్షా పాప అడిగిన ప్రశ్నకి గురజాడ దగ్గిర కొంత జవాబుంది, ఆడదాన్నీ మగవాణ్ణీ ఒకే గీత మీద నిలబెట్టేడు.

కానీ ఒకటి, నాకు గురజాడంటే ప్రాణమే అయినా చెప్తాను. అక్కడ మొగుడు ఉపన్యాసం ఇస్తాడు. నేస్తం అంటే ఏటో చెప్తాడు గాని నేస్తం చేస్తుండగా మనకి చూపించడు. మీ గాథలో మొగుడికి సిద్ధాంతం లేదు, నవ్వు ఉంది. గురజాడ చెప్పిన 'మాయ మర్మము లేని' తనం ఆ వంటింట్లో కనబడుతోంది. రెండూ కలిపి రాస్తే మీ నాలుగు పేజీలు చాలవు.

ఇంకో అనుమానం. ఆ ఇల్లాలి వయసు ఎంతంటారు? చదివినవాళ్ళంతా కొత్త పెళ్ళికూతురని అనుకుంటారు. పద్యంలో ఆ మాట లేదు కదండీ.

బల్లార్షా_పిల్ల

వయసు మాట చదివాక మళ్ళీ చూశాను. నిజమే, ఎక్కడా లేదు. కొత్త కాపురమైతే ఆ నవ్వు నాకింకా అనుమానమే. కొత్తలో అందరూ నవ్వుతారు. పాతికేళ్ళ కాపురం చేసిన ఇల్లాలైతే, ఇన్నేళ్ళకీ ఆమె మొఖం మీద కొత్తగా పడ్డ మరక అతనికి కనబడుతోందంటే ఒప్పుకుంటాను. కట్టెలు మాత్రం అందించాలి.

అక్కా, ఆ మోచేతి మడత సంగతి నువ్వు తప్పకుండా రాయాలి. ఆమె వైపు నుంచి పద్యం చదవడం అంటే అదే కదా. నేను ఆమె లేదన్నాను, నువ్వు ఆ చేతిలోనే ఆమెను పట్టుకున్నావు.

ప్రాణహిత_పంతులు

పాప అన్న పాతికేళ్ళ మాట వినగానే సంస్కృత నాటకకర్త భవభూతి గుర్తొచ్చాడు. విదర్భలోని పద్మపురం తన ఊరని నాటకం ప్రస్తావనలో చెప్పుకున్నవాడు, మన గడ్చిరోలి, చంద్రపూర్ వాళ్ళకు ఇంటి కవి కిందే లెక్క. ఉత్తరరామచరితం మొదటి అంకంలో 'అద్వైతం సుఖదుఃఖయోః' అన్న శ్లోకం ఉంది. సుఖంలోనూ దుఃఖంలోనూ ఒక్కటిగా ఉండేది, హృదయం అలసట తీర్చుకునే చోటు, ముసలితనం కూడా ఎత్తుకుపోలేని రసం, కాలం గడిచి తెరలు తొలిగాక పండిన స్నేహం, అట్లాంటిది దొరకడం అదృష్టం అంటాడు రాముడు. గురజాడ 'మరులు వయసుతో మరలిపోతాయి' అన్నాడు. భవభూతి 'వయసు తీసుకుపోలేనిది ఒకటుంది' అన్నాడు. ఒకరు పోయేదాన్ని లెక్కగట్టారు, ఇంకొకరు మిగిలేదాన్ని.

అయితే ఆ శ్లోకం రాముడు ఎప్పుడు అన్నాడో చూడు చెల్లెమ్మా. తన చేతి మీద తల పెట్టి సీత నిద్రపోతుండగా. కాసేపటికే గూఢచారి దుర్ముఖుడు వచ్చి లోకనింద చెవిన వేస్తాడు, ఆమెను అడవికి పంపడం ఖాయమవుతుంది. లోకంలో దాంపత్యం మీద అంత గొప్ప మాట ఇంకొకటి నాకు తెలియదు. దాన్ని అన్నవాడే భార్యను వదిలేశాడు. మీ సార్ అడిగిన సంఘర్షణ అక్కడ కావలసినంత ఉంది. మసి గాథలో మొగుడు ఒక్క మాటా అనలేదు, వదిలిపెట్టనూ లేదు. ఈ పోలికతో మూడో పేజీ నింపు. సార్‌కు సమాధానం చెప్పినట్టూ ఉంటుంది, ఆయన్ని నొప్పించినట్టూ ఉండదు.

మొదటి పేజీలో గాథ, నీ తెలుగు, మాటల వరస పెట్టు. రెండో పేజీ మొత్తం నీ మోచేతి మడతకు ఇవ్వు, కుదించకు. ఏ వ్యాఖ్యానంలోనూ అది నేను చూడలేదు. పాప అడిగిన 'సంతృప్తి ఎవరిది' అన్నదానికి జవాబు దొరక్కపోయినా ప్రశ్నను ప్రశ్నగానే ఉంచు. గురజాడకు నాలుగో పేజీలో సగం చాలు, పర్లాకిమిడి తమ్ముడు ఏమనుకోవద్దు.

రెండు జాగ్రత్తలు. ఈ పుస్తకాన్ని శాతవాహన రాజు హాలుడు రాశాడు అని రాయకు, హాలుడు కూర్చాడు అను. కోటి గాథల్లోంచి ఏడువందలు ఏరాడని ఆ పుస్తకం మొదట్లోనే ఉంది. శ్రీనాథుడు నూనూగు మీసాల వయసులో దీన్ని తెలుగు చేశానని కాశీఖండంలో చెప్పుకున్నాడు, అది మనకు దక్కలేదు. కాబట్టి నీ అనువాదం నీదేనని ధైర్యంగా రాసుకో. ఇక గాథ సంఖ్య మొదటి శతకంలో 13. ప్రతిని బట్టి సంఖ్యలు మారుతుంటాయి, అందుకని 'ఘరిణీఏ' అన్న మొదటి మాట కూడా పక్కన వెయ్యి.

మిర్చిబజార్_వదిన

మస్తు సంతోషం సార్. నాలుగు పేజీలు ఎట్ల నింపాల్నని అడిగితే ఇప్పుడు ఎట్ల కుదించాల్నో అన్నట్టయింది. పర్లాకిమిడి అన్నా, గురజాడ పద్యం ఫోటో తీసి పెట్టుకున్న. ఒక్కటి అడుగుత: అత్తమ్మ పొయ్యి సంగతి రాసేటప్పుడు "మా ఇంట్ల చూసిన" అని రాయొచ్చా, యూనివర్సిటోళ్ళు ఒప్పుకుంటరా?

ప్రాణహిత_పంతులు

రాయొచ్చు. "ధర్మాబాద్ ప్రాంతపు ఇళ్ళలో నేటికీ" అని మొదలుపెట్టి అదే రాయి. ఒప్పుకుంటారు.